తావో మత ప్రముఖులు

తావో మతం (తావోయిజం, టావోయిజం, దావోయిజం అని కూడా వ్రాస్తారు) చైనా దేశంలో పుట్టి పెరిగిన ప్రాచీన మతం మరియు తత్వ సంప్రదాయం. చైనా భాషలో "తావో" అనగా దారి లేక మార్గం అని అర్థం. బౌద్ధానికి గౌతమ బుద్ధుని వలె, జైనానికి వర్ధమాన మహావీరుని వలె ఈ మతానికి ఒక్క మహాపురుషుని పేరు చెప్పి ఊరుకోవడం సాధ్యం కాదు. తత్వవేత్తలు, వైద్యులు, రసవాదులు, తిరుగుబాటు నాయకులు, సన్యాసినులు, కవులు, చక్రవర్తులు రెండు వేల సంవత్సరాలకు పైగా దీనిని తీర్చిదిద్దారు. వారిలో ముఖ్యులైన వారి జీవిత విశేషాలు, వారు మతానికీ లోకానికీ మిగిల్చిన ఫలితాలు ఈ వ్యాసంలో ఉన్నాయి.

పేర్లు, పరిధి

చైనీయుల పేర్లలో ఇంటిపేరు ముందు వస్తుంది. పేరు చివరనున్న "జీ" అనే అక్షరం చాలా చోట్ల "గురువు" అనే గౌరవార్థంలో చేరినది. కనుక లావోజీ అంటే "వృద్ధ గురువు", జువాంగ్‌జీ అంటే "జువాంగ్ గురువు" అని అర్థం.

చైనా భాషలో ఈ సంప్రదాయానికి రెండు మాటలున్నాయి. "దావోజియా" అనేది తాత్విక శాఖ. "దావోజియావో" అనేది దేవతలు, పూజారులు, దీక్షలు, గ్రంథాలు గల మతం. లావోజీ గానీ జువాంగ్‌జీ గానీ తాము తావో మతస్థులమని ఎక్కడా చెప్పుకోలేదు. "దావోజియా" అనే వర్గీకరణ చేసినవాడు హాన్ వంశపు కాలం నాటి సిమా తాన్ (మరణం క్రీ.పూ. 110). తరువాత కాలపు మతం ఈ తత్వవేత్తలను తన గురువులుగా, దేవతలుగా స్వీకరించింది. ఈ తేడాను గుర్తుంచుకుంటే, ఒకే మతం పేరు క్రింద సన్యాసి, సేనాని, రసవాది ఎలా చేరారో బోధపడుతుంది.

ఆది గురువులు

లావోజీ: "దావో దె జింగ్" అనే గ్రంథానికి కర్తగా ప్రసిద్ధుడు. క్రీ.పూ. 1వ శతాబ్దం తొలి భాగంలో చరిత్రకారుడు సిమా చియాన్ (సిమా తాన్ కుమారుడు) వ్రాసిన జీవిత కథ ప్రకారం ఈయన అసలు పేరు లీ అర్, జన్మస్థలం చూ రాజ్యం, ఉద్యోగం జౌ రాజుల గ్రంథాగారంలో అధికారి. కన్‌ఫ్యూషియస్ ఈయనను దర్శించి సలహా అడిగాడని, రాజ్యం క్షీణించడం చూసి ఈయన పడమటి దిక్కుకు బయలుదేరగా కనుమ వద్ద కాపలా అధికారి యిన్ షీ ప్రార్థించి గ్రంథం వ్రాయించుకున్నాడని కథ. విశేషమేమంటే సిమా చియాన్ తానే ఈ కథను పూర్తిగా నమ్మలేదు. లావోజీ అనదగిన మరి ఇద్దరి పేర్లను కూడా చెప్పి, నిర్ణయాన్ని వదలివేశాడు.

సుమారు 5,000 అక్షరాలు, 81 అధ్యాయాలు గల ఈ గ్రంథం ఒకే చేతి మీదుగా ఒకేసారి వచ్చినది కాదని నేటి పండితులలో అధికుల అభిప్రాయం. 1973 లో హునాన్ రాష్ట్రంలోని మావాంగ్‌దుయ్ వద్ద క్రీ.పూ. 168 నాటి సమాధిలో పట్టు వస్త్రంపై వ్రాసిన రెండు ప్రతులు దొరికాయి. వాటిలో గ్రంథపు రెండు భాగాల వరుస నేటి ప్రతికి తలక్రిందులుగా ఉంది. 1993 లో హుబెయ్ రాష్ట్రంలోని గువోదియాన్ వద్ద సుమారు క్రీ.పూ. 300 నాటి వెదురు పలకలు దొరికాయి. వాటిలో నేటి గ్రంథంలోని కొంత భాగం మాత్రమే ఉన్నది.

జువాంగ్‌జీ: అసలు పేరు జువాంగ్ జౌ, కాలం క్రీ.పూ. 4వ శతాబ్దం. లక్క చెట్ల తోటలో చిన్న ఉద్యోగి. చూ రాజు మంత్రి పదవి ఇవ్వజూపగా నిరాకరించాడని ప్రతీతి. ఈయన పేరిట ఉన్న గ్రంథంలో 33 అధ్యాయాలున్నాయి. మొదటి ఏడు అధ్యాయాలు ఈయన స్వంత రచన అని సంప్రదాయం. కలలో సీతాకోకచిలుకగా మారిన మనిషి మేలుకొని, తాను చిలుకను కలగన్న మనిషినా, లేక మనిషిని కలగంటున్న చిలుకనా అని సందేహించే కథ ఈ గ్రంథంలోనిదే. లావోజీ గ్రంథం పాలకునికి సలహా చెబుతుంది. జువాంగ్‌జీ పాలనకే దూరంగా ఉండమంటాడు. పదవికీ ప్రశాంతతకూ మధ్య ఈ వైరుధ్యం తరువాతి తావో ప్రముఖుల జీవితాలన్నింటిలో కనిపిస్తుంది.

లియెజీ: మూడవ గురువుగా పేరొందినవాడు. ఈయన పేరిట నేడు లభించే గ్రంథం క్రీ.శ. 4వ శతాబ్దం ప్రాంతంలో కూర్చబడినదని పలువురి అభిప్రాయం.

మత స్థాపకుడు, తిరుగుబాటు నాయకుడు

జాంగ్ దావోలింగ్: తావో మతాన్ని ఒక వ్యవస్థగా నిలిపినవాడు. క్రీ.శ. 142 లో సిచువాన్ ప్రాంతపు హెమింగ్ కొండపై దైవరూపంలోని లావోజీ తనకు దర్శనమిచ్చాడని ప్రకటించాడు. చేరినవారు ఐదు "దౌ"ల (సుమారు పది లీటర్ల) బియ్యం సమర్పించేవారు కనుక దీనికి "ఐదు కొలతల బియ్యం మార్గం" అని పేరు వచ్చింది. తరువాత ఇదే "దివ్య గురువుల" శాఖ అయింది. ఈయన మనుమడు జాంగ్ లూ హాన్‌జోంగ్ లోయలో సుమారు మూడు దశాబ్దాలు మతరాజ్యాన్ని నడిపాడు. బాటసారులకు ఉచితంగా బియ్యం, మాంసం ఉంచిన సత్రాలు కట్టించాడని, చిన్న తప్పు చేసినవారికి శిక్షగా నూరు అడుగుల దారి బాగుచేయించేవాడని ఆ కాలపు చరిత్ర గ్రంథం చెబుతుంది. క్రీ.శ. 215 లో సేనాని త్సావో త్సావోకు లొంగిపోవడంతో ఆ రాజ్యం ముగిసింది గాని, శాఖ దేశమంతటా వ్యాపించింది.

జాంగ్ జ్యావో: ఇదే కాలంలో చైనా తూర్పు ప్రాంతాలలో "మహాశాంతి మార్గం" నడిపినవాడు. రోగులచేత తప్పులు ఒప్పించి, మంత్రించిన నీరు త్రాగించి వైద్యం చేసేవాడు. కరువు, అంటురోగాలు, పన్నుల భారం వలన లక్షలాది రైతులు ఇతనిని ఆశ్రయించారు. క్రీ.శ. 184 లో తలకు పసుపు గుడ్డలు కట్టుకొని వారు తిరుగుబాటు చేశారు. జాంగ్ జ్యావో అదే సంవత్సరం మరణించాడు. తిరుగుబాటును అణచడానికి బలం పెంచుకున్న సేనానులే చివరకు హాన్ సామ్రాజ్యాన్ని పంచుకున్నారు. క్రీ.శ. 220 లో ఆ వంశం అంతరించింది. తరువాతి ప్రభుత్వాలు తావో సంఘాలను ఒక కంట కనిపెట్టి ఉండడానికి ఈ చేదు అనుభవం ఒక ముఖ్య కారణం.

రసవాదులు, వైద్యులు

గె హోంగ్ (283–343): తావో రసవాదులలో అగ్రగణ్యుడు. 13 ఏళ్ళ వయసులో తండ్రిని కోల్పోయి, కట్టెలు కొట్టి అమ్మి కాగితం, కుంచెలు కొనుక్కొని చదువుకున్నానని తన ఆత్మకథలో వ్రాసుకున్నాడు. ఈయన ముఖ్య రచన "బావోపూజీ". ఇంగిలీకం, బంగారంతో చేసిన దివ్యౌషధం వలన అమరత్వం లభిస్తుందని ఈయన విశ్వాసం. అయితే ఔషధం ఒక్కటే చాలదని, భూమిపై అమరుడు కావడానికి 300, స్వర్గం చేరడానికి 1,200 సత్కార్యాలు చేయాలని నియమం పెట్టాడు. చివరి సంవత్సరాలు దక్షిణాన లువోఫు పర్వతంపై గడిపాడు.

గె హోంగ్ కోరుకున్న అమరత్వం ఎవరికీ దొరకలేదు. కాని పేదవారికి అత్యవసర సమయంలో పనికివచ్చే చౌక చికిత్సలతో ఈయన కూర్చిన చిన్న వైద్య గ్రంథం పదహారు శతాబ్దాల తరువాత లక్షల ప్రాణాలను నిలిపింది. విడిచి విడిచి వచ్చే చలిజ్వరానికి "చింగ్‌హావో" మొక్కను నీటిలో నానబెట్టి, పిండి, ఆ రసం త్రాగించాలని అందులో ఉంది. 1971 లో చైనా శాస్త్రవేత్త తూ యూయూ బృందం మలేరియా మందు కోసం పాత గ్రంథాలు వెదుకుతున్నప్పుడు ఈ వాక్యం ఆమె దృష్టిని ఆకర్షించింది. ఇతర మందుల వలె మొక్కను కాచమని గె హోంగ్ చెప్పలేదు. వేడి వలన గుణం నశిస్తున్నదేమోనని ఊహించి ఆమె తక్కువ ఉష్ణోగ్రత వద్ద సారం తీసింది. అలా లభించినదే ఆర్టిమిసినిన్. ఇందుకు ఆమెకు 2015 లో వైద్యశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. చింగ్‌హావో ఆర్టిమీసియా ప్రజాతికి చెందిన మొక్క. వినాయక చవితి పూజాపత్రిలోని మాచిపత్రి కూడా ఈ ప్రజాతిలోనిదే.

తావో హోంగ్‌జింగ్ (456–536): 492 లో రాజోద్యోగం వదలి మావోషాన్ కొండలలో స్థిరపడ్డాడు. లియాంగ్ వంశపు చక్రవర్తి వూ రాజ్య విషయాలలో సలహా కోసం ఉత్తరాలు పంపేవాడు కనుక "కొండలలోని మంత్రి" అనే పేరు వచ్చింది. పాత ఓషధి గ్రంథంలోని 365 ద్రవ్యాలకు మరి 365 చేర్చి, మొత్తం 730 ద్రవ్యాల వివరాలతో వ్యాఖ్యానం వ్రాశాడు.

సున్ సిమియావో (మరణం 682): "వైద్య రాజు"గా నేటికీ గుళ్ళలో పూజలందుకుంటున్న వైద్యుడు. సుమారు 652 లో పూర్తిచేసిన వైద్య గ్రంథంలో ధనికుడు, పేద, బంధువు, శత్రువు అనే భేదం లేకుండా వైద్యం చేయాలని వైద్య ధర్మాన్ని బోధించాడు. స్త్రీల, శిశువుల వ్యాధులకు గ్రంథారంభంలోనే స్థానం కల్పించాడు.

రసవాదంలో పాదరసం, సీసం, గంధకం వంటి విషపదార్థాలు ఉండేవి. టాంగ్ వంశపు చక్రవర్తులలో ముజోంగ్ (మరణం 824), వూజోంగ్ (మరణం 846) ఈ ఔషధాల వలననే మరణించారని చరిత్రకారులు వ్రాశారు. సురేకారం, గంధకం, బొగ్గు కలిసిన మిశ్రమం మండుతుందని 9వ శతాబ్దం ప్రాంతంలో రసవాదులే గమనించారు. చైనీయులు దానికి పెట్టిన పేరుకు "నిప్పు మందు" అని అర్థం. ఆయుష్షు కోసం వెదికినవారికి తుపాకిమందు దొరికింది. తెలుగులో కూడా దానిని మందు అనే అంటారు.

రాజాస్థానాలలో

కౌ చియాన్‌జి (365–448): ఉత్తర వెయ్ చక్రవర్తి తాయ్‌వూకు గురువు. ఈయన ప్రభావంతో 442 లో చక్రవర్తి స్వయంగా తావో దీక్ష పొందాడు. మంత్రి త్సుయ్ హావో ప్రేరణతో 446 లో బౌద్ధ భిక్షువులపై, విహారాలపై ఘోరమైన దాడి జరిగింది. కౌ చియాన్‌జి ఆ హింసను సమర్థించలేదని చెబుతారు. ఆయనకు ఎదురులేని స్థానం ఉన్నా దానిని ఆపలేకపోయాడు. చక్రవర్తి ఆగ్రహానికి గురియై త్సుయ్ హావో కూడా 450 లో మరణశిక్ష పొందాడు.

టాంగ్ వంశం (618–907): ఈ వంశం ఇంటిపేరు "లీ". లావోజీ ఇంటిపేరు కూడా అదే కావడంతో చక్రవర్తులు తమను ఆయన సంతతిగా ప్రకటించుకున్నారు. చక్రవర్తి షువాన్‌జోంగ్ (పాలన 712–756) ప్రతి ఇంట దావో దె జింగ్ ప్రతి ఉండాలని ఆజ్ఞాపించి, దానికి స్వయంగా వ్యాఖ్యానం వ్రాసి, 741 లో తావో గ్రంథాల బోధనకు పాఠశాలలు నెలకొల్పాడు. ధ్యాన పద్ధతిపై గ్రంథం వ్రాసిన సిమా చెంగ్‌జెన్ (647–735) ఈ చక్రవర్తికి గురుతుల్యుడు. మహాకవి లీ బాయ్ (701–762) 744 లో రాజసభను వీడిన తరువాత తావో దీక్ష పుచ్చుకున్నాడు.

భారతదేశంతో సంబంధం

ఆంధ్రదేశంలోని ధాన్యకటకాన్ని గూర్చి వ్రాసిన బౌద్ధ యాత్రికుడు హ్యుయాన్‌త్సాంగ్‌కు తావో మత చరిత్రలో కూడా స్థానమున్నది. కామరూప (నేటి అస్సాం) రాజు భాస్కరవర్మ లావోజీ చిత్రాన్ని, గ్రంథాన్ని పంపమని కోరగా, టాంగ్ చక్రవర్తి తాయ్‌జోంగ్ 647 లో దావో దె జింగ్‌ను సంస్కృతంలోకి అనువదించమని హ్యుయాన్‌త్సాంగ్‌ను ఆజ్ఞాపించాడు. ఆయనకు తోడుగా చెంగ్ షువాన్‌యింగ్, త్సాయ్ హువాంగ్ అనే తావో పండితులు నియమితులయ్యారు.

మొదటి మాట దగ్గరే వివాదం వచ్చింది. "తావో"ను "బోధి" అని అనువదించాలని తావో పండితులు వాదించారు. బోధి అనగా జ్ఞానోదయం కనుక అది కుదరదని, "మార్గ" అనే మాటే సరియైనదని హ్యుయాన్‌త్సాంగ్ పట్టుబట్టాడు. గ్రంథాన్ని బౌద్ధ పరిభాషతో వివరించడానికి కూడా ఆయన ఒప్పుకోలేదు. రెండు మతాలూ ఒకటేనని పైకి కనిపించే అనువాదం ఇద్దరికీ అన్యాయమని ఆయన భావించాడనుకోవచ్చు. ఆ సంస్కృత అనువాదం నేడు లభించడం లేదు. వివాదపు వివరాలు మాత్రం బౌద్ధ రచయిత దావోషువాన్ గ్రంథంలో నిలిచాయి.

స్త్రీలు

వెయ్ హువాచున్ (252–334): జిన్ వంశపు మంత్రి కుమార్తె. ఇద్దరు పిల్లల తల్లి. దివ్య గురువుల శాఖలో పురోహిత పదవి నిర్వహించింది. ఆమె మరణించిన మూడు దశాబ్దాల తరువాత, 364–370 మధ్య యాంగ్ షీ అనే సాధకుడు ఆమె దేవతారూపంలో తనకు గ్రంథాలు ఉపదేశించిందని ప్రకటించాడు. వాటితో ఏర్పడిన షాంగ్‌చింగ్ శాఖ ఆమెను తన మొదటి గురువుగా లెక్కిస్తుంది.

సున్ బుఅర్ (1119–1182): చువాన్‌జెన్ శాఖ మూలపురుషుడైన వాంగ్ చోంగ్‌యాంగ్ ఏడుగురు ముఖ్య శిష్యులలో ఏకైక స్త్రీ. సహాధ్యాయి మా యూకు భార్య, ముగ్గురు కుమారుల తల్లి. యాభై ఏళ్ళ వయసులో సంసారం విడిచి సన్యసించి, లువోయాంగ్‌లో శిష్యులకు బోధించింది. స్త్రీల అంతర్యోగ సాధనపై ఉన్న రచనలు ఆమె పేరిట ప్రచారంలోకి వచ్చాయి.

చువాన్‌జెన్ శాఖ, చెంఘిజ్ ఖాన్

వాంగ్ చోంగ్‌యాంగ్ (1113–1170): చువాన్‌జెన్ ("సంపూర్ణ సత్యం") శాఖ స్థాపకుడు. సమాధి వంటి గొయ్యి త్రవ్వుకొని, దానికి "బ్రతికి ఉన్న శవం సమాధి" అని పేరుపెట్టి కొంతకాలం అందులో తపస్సు చేశాడు. బౌద్ధ, కన్‌ఫ్యూషియన్, తావో బోధలు మూడూ ఒకే మూలం నుండి వచ్చాయని బోధించాడు. బయటి ఔషధాలకు బదులు బ్రహ్మచర్యం, ధ్యానం, మనోనిగ్రహం ప్రధానమన్నాడు.

చియూ చూజీ (1148–1227): వాంగ్ శిష్యులలో పిన్నవాడు, అందరికంటే ప్రసిద్ధుడు. 1219 లో మంగోల్ చక్రవర్తి చెంఘిజ్ ఖాన్ నుండి పిలుపు వచ్చింది. ఈ సన్యాసికి మూడు వందల ఏళ్ళ వయసని, మృత్యువును జయించే మందు తెలుసునని ఖాన్ విన్నాడు. డెబ్బై దాటిన చియూ చూజీ 18 మంది శిష్యులతో 1220 లో బయలుదేరి, మంగోలియా, సమర్‌కండ్ మీదుగా ప్రయాణించి, 1222 లో నేటి ఆఫ్ఘనిస్తాన్‌లో హిందూకుష్ పర్వతాల సమీపాన ఖాన్ శిబిరం చేరాడు.

దీర్ఘాయుష్షుకు ఏ మందు తెచ్చావని ఖాన్ అడిగాడు. ప్రాణాన్ని కాపాడుకొనే పద్ధతులు ఉన్నాయి గాని మరణం లేకుండా చేసే మందు ఏదీ లేదని చియూ చూజీ జవాబు చెప్పాడు. నగరాలకు నగరాలను నేలమట్టం చేసిన చక్రవర్తి ముందు ఈ మాట చెప్పడం ప్రాణాలతో చెలగాటం. ఖాన్ ఆ నిజాయితీని మెచ్చుకొని తన గుడారాల ప్రక్కనే విడిది ఏర్పాటు చేశాడు. హింస తగ్గించాలని, ప్రజలను కరుణించాలని, కోరికలను అదుపులో ఉంచుకోవాలని ఆయన బోధించాడు. శిష్యుడు లీ జిచాంగ్ వ్రాసిన యాత్రా గ్రంథం వలన ఈ వివరాలు తెలుస్తున్నాయి. గురువు, చక్రవర్తి ఇద్దరూ 1227 లోనే మరణించారు. బీజింగ్‌లోని బాయ్‌యున్ ఆలయంలో ("తెల్ల మబ్బుల ఆలయం") చియూ చూజీ అస్థికలున్నాయి.

1223 లో ఖాన్ ఇచ్చిన పన్ను మినహాయింపు వలన చువాన్‌జెన్ శాఖలో వేలాది ప్రజలు చేరి రక్షణ పొందారు. అయితే ఆ బలంతోనే శాఖ అనేక బౌద్ధ విహారాలను ఆక్రమించిందని ఆరోపణలు వచ్చాయి. 1258 లో కుబ్లాయ్ సమక్షంలో జరిగిన వాదంలో తావో పక్షం ఓడిపోయింది. 1281 లో దావో దె జింగ్ తప్ప మిగిలిన తావో గ్రంథాలను తగులబెట్టమని కుబ్లాయ్ ఖాన్ ఆజ్ఞ జారీ చేశాడు.

చరిత్రకు, కథకు మధ్య

జాంగ్ సాన్‌ఫెంగ్ వూదాంగ్ పర్వతాలపై నివసించిన సిద్ధునిగా ప్రసిద్ధుడు. మింగ్ చక్రవర్తి యోంగ్‌లె ఈయన కోసం దూతలను పంపినా దొరకలేదు. 1412 నుండి ఆ పర్వతాలపై గొప్ప ఆలయాలు మాత్రం నిర్మింపజేశాడు. తాయ్‌చీ వ్యాయామ విద్యను ఈయనే కనిపెట్టాడనే కథ చాలా కాలం తరువాత పుట్టినది. "అష్ట సిద్ధులు"గా చిత్రపటాలలో కనిపించే ఎనిమిది మంది కూడా ఎక్కువగా కథాపురుషులే. హాంగ్‌కాంగ్ రచయిత జిన్ యోంగ్ 1957–59 మధ్య ధారావాహికగా వ్రాసిన నవలలో వాంగ్ చోంగ్‌యాంగ్, చియూ చూజీ కత్తి యుద్ధ వీరులుగా కనిపిస్తారు. అది కేవలం కల్పన.

ఆధునిక కాలం

వాంగ్ యువాన్‌లు (మరణం 1931): దున్‌హువాంగ్ వద్దనున్న మొగావో బౌద్ధ గుహలకు తనంతట తానే సంరక్షకుడైన పేద తావో పూజారి. 1900 లో ఇసుక తొలగిస్తుండగా గోడ వెనుక మూసివేసిన గదిలో వేలాది ప్రాచీన ప్రతులు బయటపడ్డాయి. అధికారులకు తెలియజేసినా వారు తగిన శ్రద్ధ చూపలేదు. 1907 లో బ్రిటిష్ ఇండియా ప్రభుత్వం తరపున వచ్చిన ఆరెల్ స్టెయిన్, వాంగ్‌కు హ్యుయాన్‌త్సాంగ్ పట్ల గల భక్తిని గమనించి, తాను కూడా ఆ మహనీయుని అడుగుజాడలలో భారతదేశం నుండి వచ్చానని చెప్పి నమ్మకం సంపాదించాడు. కొద్దిపాటి వెండికి 24 పెట్టెల ప్రతులు, 5 పెట్టెల చిత్రాలు తరలిపోయాయి. మరుసటి సంవత్సరం ఫ్రాన్స్ పండితుడు పాల్ పెలియో మరి కొన్ని కొన్నాడు.

దేశ సంపదను అమ్మిన ద్రోహి అని వాంగ్‌ను చైనాలో అనేకులు నిందించారు. ఆ డబ్బును ఆయన గుహల మరమ్మతుకే ఖర్చు చేశాడని, చదువుకున్న అధికారులు చేయవలసిన పనిని చదువురాని పూజారిపై వేయడం తగదని మరికొందరి వాదన. అలా తరలిన ప్రతులలో దావో దె జింగ్‌పై "షియాంగ్ అర్" అనే వ్యాఖ్యానం ఒకటి. దివ్య గురువుల శాఖ తొలి రోజులకు చెందిన ఈ రచన వేరెక్కడా మిగలలేదు. ప్రస్తుతం అది లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉంది.

చెన్ యింగ్‌నింగ్ (1880–1969): యువకునిగా క్షయ సోకగా ప్రాణాయామ సాధనతో ఆరోగ్యం పొందానని చెప్పి, అంతర్యోగాన్ని రహస్యంగా కాక పత్రికల ద్వారా అందరికీ బోధించాడు. 1957 లో ఏర్పడిన చైనా తావో సంఘం స్థాపనలో పాల్గొని, 1961 లో అధ్యక్షుడయ్యాడు. సాంస్కృతిక విప్లవం (1966–76) కాలంలో ఆలయాలు మూతపడి, విగ్రహాలు, గ్రంథాలు ధ్వంసమవుతున్న రోజులలోనే మరణించాడు. సంఘం 1980 లో తిరిగి పనిచేయసాగింది.

ఇతర ప్రముఖులు

• వాంగ్ బీ (226–249) – 23 ఏళ్ళకే మరణించినా, దావో దె జింగ్‌పై ఈయన వ్యాఖ్యానం నేటికీ ప్రామాణికం.
• లూ షియూజింగ్ (406–477) – తావో గ్రంథాలను "మూడు గుహలు"గా వర్గీకరించి, 471 లో పట్టిక తయారుచేశాడు.
• జాంగ్ బోదువాన్ (మరణం 1082) – అంతర రసవాదంపై ప్రసిద్ధ గ్రంథకర్త.
• జాంగ్ యూచూ (1361–1410) – 43వ దివ్య గురువు. ఈయన ఆరంభించిన తావో గ్రంథ సంపుటాల కూర్పు 1445 లో ముద్రితమైంది.
• జాంగ్ అన్‌పూ (1904–1969) – 63వ దివ్య గురువు. 1949 లో తైవాన్ వెళ్ళాడు.
• ఆన్రీ మాస్పెరో (1883–1945) – తావో గ్రంథాలను శాస్త్రీయంగా పరిశోధించిన ఫ్రాన్స్ పండితుడు. నాజీల బూకెన్‌వాల్డ్ నిర్బంధ శిబిరంలో మరణించాడు.
• క్రిస్టోఫర్ షిప్పర్ (1934–2021) – తైవాన్‌లో పూజారిగా దీక్ష పొందిన డచ్చి పండితుడు. 2004 లో తావో గ్రంథాల సమగ్ర పరిచయాన్ని సహసంపాదకునిగా ప్రచురించాడు.

ఇవి కూడా చూడండి

• తావో మతం
• కన్‌ఫ్యూషియస్
• హ్యుయాన్‌త్సాంగ్
• చైనా చరిత్ర